మతలేనాకి సాయం చేస్తే జరిమానా

మా మతలేనాకి సాయం చేసినవాళ్లు ఒక పెట్టె చేపల డబ్బాలు జరిమానా కట్టాలని మా ఊరి పెద్దలు తీర్మానం చేశారు. ఆ జరిమానా మొదట కట్టింది నేనే. కట్టినందుకు నాకేం సిగ్గు లేదు. కానీ ఎందుకు కట్టాల్సి వచ్చిందో సరిగా చెప్పాలి. ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పుకుంటున్నారు. మొన్న చర్చి మెట్ల మీద ఒకావిడ ఏకంగా మతలేనాకి దయ్యం పట్టిందని, నేను నూనెతో వదిలించానని చెబుతోంది. దయ్యం లేదు, నేను వదిలించిందీ లేదు.

మతలేనా మా తమ్ముడు సియావోసి కూతురు. దానికి పదకొండేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పట్నుంచి నా పక్కన చాప మీదే పడుకుని పెరిగింది. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. మొగుడు సముద్రం మీదికి చేపలకెళ్తాడు. ఇది కోకో చేస్తుంది. గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ నల్లటి ముద్దని చిన్న గ్లాసుల్లో పోసి గట్టిపడ్డాక పట్నంలో అపియా బజారుకి తీసుకెళ్తుంది. అక్కడ మూడో స్తంభం పక్కన ఒక బల్ల ఉంది. అది వాళ్లమ్మ బల్ల. ఆవిడ ఇరవై ఏళ్లు అక్కడే కోకో అమ్మింది. ఆవిడ చాకు పెట్టే చోట చెక్క పల్లంగా అరిగిపోయి ఉంటుంది. మతలేనా కూడా చాకు సరిగ్గా అక్కడే పెడుతుంది.

బజారుకెళ్లాలంటే కొండ దాటి గంటన్నర బస్సు. మాకు డ్రైవరు ఫలానికో నడిపే బస్సు ఒక్కటే ఉంది. బెంచీలు చెక్కవి, పాటలు చెవులు పగిలేలా ఉంటాయి. మా బస్సులో నిలబడి పోవడమనే మాట లేదు. బెంచీలు నిండాక ఎక్కినవాళ్లు కూర్చున్నవాళ్ల ఒళ్లో కూర్చుంటారు. ఎవరి ఒళ్లో ఎవరు అనేదానికి కూడా పద్ధతుంది. ముసలివాళ్లకి బెంచీ, బలంగా ఉన్నవాళ్ల మీద మిగతావాళ్లు. మతలేనా మంచి పుష్టిగా ఉంటుంది కాబట్టి దాని ఒడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు.

నిరుడు మార్చిలో ఒకరోజు జోరున వాన. కిటికీలకి టార్పాలిన్లు దించేశారు. లోపల ఉక్క. మతలేనా ఒళ్లో ఫిలెమూ, ఫిలెమూ ఒళ్లో చేమదుంపల బుట్ట. ఫిలెమూ అంటే మా ఊళ్లో అందరికంటే పెద్ద మనిషి, కొలతలో. నేను పక్క బెంచీలో ఉన్నాను. కొండ ఎక్కుతుండగా మతలేనా ముఖం బూడిదలా అయింది.

"అత్తా, గుండె ఆగిపోతోందే. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. చచ్చిపోతున్నానత్తా!"

ఇక చూడండి మా ఊరివాళ్ల సంబరం. ఫలానికో బస్సు ఆపాడు, పాటలు కట్టేశాడు. దానికి గాలి ఆడాలని నలభై మందీ వానలోకి దిగారు. ముగ్గురు విసనకర్రలు తీశారు. చర్చి పెద్ద ఒకాయన ప్రార్థన మొదలెట్టాడు. నేను సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి దాని మెడా వీపూ గట్టిగా రుద్దాను. పది నిమిషాలకి దానికి ఊపిరి సర్దుకుంది. ప్రార్థన ఫలించిందని ఆయనన్నాడు. విసిరినవాళ్లు గాలి వల్లే అన్నారు. నా నూనె వల్లే అని నేను పైకి అనలేదు గానీ అనుకున్నాను. అది దానంతటదే తగ్గి ఉండొచ్చని మాత్రం నలభై మందిలో ఒక్కరికీ తోచలేదు.

వారం తిరక్కుండా రెండోసారి, తర్వాత మూడోసారి. ఆసుపత్రిలో గుండెకి తీగలు పెట్టి కాగితం తీశారు. గుండె బాగానే ఉందన్నారు. రక్తం చూశారు, అదీ బాగానే ఉంది. "ఏమీ లేదు" అని పంపేశారు. ఆ మాట దానికి మేలు చేయలేదు. ఏమీ లేకపోతే మరి నటిస్తోందా అన్నారు కొందరు. పొద్దుగుంకాక జుట్టు విరబోసుకుని వాకిట్లో తిరిగింది, ఎవరో చచ్చినవాళ్లకి కోపమొచ్చింది అన్నారు ఇంకొందరు. అది బస్సెక్కడం మానేసింది. తర్వాత చర్చిలో మధ్య బెంచీ మానేసి గుమ్మం దగ్గరికి జరిగింది. తర్వాత కొట్టు దగ్గర వరసలో నిలబడటం మానేసింది. ఆఖరికి దొడ్డికి వెళ్లినా నేను బయట నిలబడి దగ్గుతూ ఉండాలి. దగ్గు ఆగితే "అత్తా, ఉన్నావా?" అని లోపల్నుంచి కేక.

నా చేతి గురించి చెప్పాలి. ఒళ్లు పట్టడంలో మా వైపు నన్ను మించినవాళ్లు లేరు. మూడూళ్ల నుంచి నడుములు, మడమలు, పురుటి కడుపులు నా దగ్గరికే వస్తాయి. మతలేనా వీపు మీద నా చెయ్యుంటే దానికి రాదు, తీస్తే వస్తుంది. నేను రోజుకి నాలుగుసార్లు రుద్దేదాన్ని. విసుగనిపించేది. ఎవరూ చేయలేని పని నేను చేస్తున్నానని కాస్త గర్వంగానూ ఉండేది. అబద్ధమెందుకు.

ఆగస్టులో బజారు నుంచి కబురొచ్చింది. బల్ల అయిదు నెలలుగా ఖాళీగా ఉంది, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్టోబరులో చర్చిలో పిల్లల పండగ, తెల్లబట్టల ఆదివారం, దానికి ముందు శనివారం బజారు మొదలయ్యేసరికి మనిషి వచ్చి కూర్చోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం అని. చేతిలో ఎనిమిది వారాలున్నాయి. ఆ సాయంత్రం మతలేనా రోలు ముందు కూర్చుంది గానీ రోకలి ఎత్తలేదు.

"నువ్వెళ్లి కూర్చోకూడదా అత్తా?" అంది.

"నేనెళితే నీ దొడ్డి బయట ఎవరు దగ్గుతారే?" అన్నాను.

అది నవ్వలేదు. "అమ్మ బల్ల పోయింది" అంది, అప్పుడే పోయినట్టు.

మా జిల్లా ఆసుపత్రికి బుధవారం బుధవారం ఒక నర్సు వస్తుంది, ఎతెవీసే అని. యాభై ఏళ్లుంటాయి. నవ్వు తక్కువ, మాట కరకు. ఆసుపత్రికి మా ఇంటి నుంచి నడిచే వెళ్లొచ్చు. మతలేనాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను.

ఆవిడ అంతా విని, "దీన్ని పానిక్ ఎటాక్ అంటారు" అంది. "చర్చి దగ్గర గంటగా ఏం వేలాడదీశారు మీ ఊళ్లో?"

"గ్యాస్ సిలిండర్, ఖాళీది" అన్నాను. అందరి ఊళ్లోనూ అదేగా.

"ఏదో ఒక మధ్యాహ్నం ఎవరో తిన్నగా ఉండలేనివాడు దాన్ని దడదడ వాయించాడనుకో. సముద్రం పొంగిందనుకుని జనం కొండ మీదికి పరిగెడతారు. ఆ పరుగు అబద్ధమా?"

"నిజమే" అంది మతలేనా.

"సముద్రం?"

"పొంగలేదు."

"నీ గుండె కొట్టుకోవడం నిజం. చేతుల తిమ్మిరి నిజం. నువ్వు నటించట్లేదు. కానీ సముద్రం పొంగలేదు. నీ ఒంట్లో గంట ఊరికే మోగుతోంది. మోగినప్పుడల్లా పరిగెత్తి, పరిగెత్తాను కాబట్టే బతికాననుకుంటున్నావు. పరిగెత్తకుండా ఒక్కసారైనా చూశావా?"

"చూస్తే చస్తాను కదమ్మా!"

"అది నీ అనుమానం. రాసుకుందాం. చస్తావని పదిలో ఎంత నమ్మకం?"

"తొమ్మిది."

రాసింది. ఆమె ఒక స్కూలు నోటుపుస్తకం ఇచ్చి గీతలు కొట్టించింది. ఒకవైపు ఏమవుతుందని అనుకుంటున్నావు, రెండోవైపు నిజంగా ఏమైంది, మధ్యలో భయం ఎంత అని పదికి లెక్క. తర్వాత బయటికెళ్లి బొప్పాయి ఆకు తెంపుకొచ్చింది. కాడ బోలుగా ఉంటుంది కదా, దాన్ని కోసి మతలేనా నోట్లో పెట్టి, ముక్కు మూసి, "దీంతోనే గాలి పీల్చు, ఒక నిమిషం" అంది.

అర నిమిషానికే దాని కళ్లు పెద్దవయ్యాయి. ఛాతీ ఎగిసిపడుతోంది. నేను లేచాను.

"ఏమ్మాయ్, మా పిల్లని చంపడానికి జీతమిస్తున్నారా నీకు?"

"కూర్చోండి పెద్దమ్మా. మీ పిల్ల గుండె కాగితం నేను చూశాను."

నిమిషం అయింది. కాడ తీసేసింది. మతలేనా రొప్పుతూ రెండు చేతులూ చూసుకుంది. "అదే... బస్సులో వచ్చినట్టే వచ్చింది. తిమ్మిరీ వచ్చింది."

"ఎవరు తెప్పించారు?"

"నేనే."

"చచ్చావా?"

"లేదు."

"రాసుకో."

ఆ కాడ ఇంటికి తెచ్చుకుంది. రోజూ రెండుసార్లు పీల్చేది. పిల్లలు కూడా బొప్పాయి కాడలు నోట్లో పెట్టుకుని వరసగా కూర్చుని రొప్పేవాళ్లు. మా పెరట్లో చెట్టు బోడిదైపోయింది. ఇంకో రోజు నర్సు దాన్ని వసారాలో గిరగిరా తిప్పి తల తిరిగేలా చేసింది. మరోరోజు మెట్లెక్కించి దింపించింది. గుండె దడ వస్తే రానీ, అది పైకెక్కుతుంది, శిఖరం చేరుతుంది, దానంతటదే దిగుతుంది, నువ్వు దించక్కర్లేదు అనేది. దించడానికి ఏమీ చేయకూడదు అని కూడా అనేది. నాడి పట్టుకుని చూసుకోకూడదు, నీళ్ల సీసా పట్టుకు తిరగకూడదు, గుమ్మం పక్కన కూర్చోకూడదు. నా ముఖం తెల్లబడిందా అని ఎవర్నీ అడగకూడదు.

"అలాగే" అన్నాను నేను. "అవన్నీ ఎందుకు, నేనున్నాను కదా."

ఎతెవీసే నా వైపు తిరిగింది. "మీ చేతులు కూడా పెద్దమ్మా."

"నా చేతులేం చేశాయి?"

"మీరు రుద్దినప్పుడల్లా ఆమె ఏమనుకుంటుంది? అత్త రుద్దబట్టి బతికాను అని. మీరు రుద్దకపోయినా బతికేదని ఆమెకి తెలిసేదెలా?"

"ఇదిగో అమ్మాయ్, నేను రుద్దడం మొదలెట్టేనాటికి నువ్వు పాలు తాగుతున్నావు."

"నా మడమ బెణికితే మీ దగ్గరికే వస్తాను. ఇది మడమ కాదు."

ఇంటి దగ్గర మతలేనా చాప మీద బోర్లా పడుకుని, అలవాటుగా జాకెట్టు వీపు మీంచి పైకి లాక్కుని, మళ్లీ తనే కిందికి లాక్కుంది. అది చూసి నేను సీసా తీసుకెళ్లి వాసం మీద పెట్టాను.

నా సంగతి సరే, ఊరి సంగతేమిటి? మొదటి పాఠం, ఆగి ఉన్న బస్సులో అయిదు నిమిషాలు ఒంటరిగా కూర్చోవడం. ఫలానికో బస్సుని మా పనస చెట్టు కిందే ఆపుతాడు. మతలేనా ఎక్కి కూర్చుని రెండు నిమిషాలు కాలేదు, నలుగురు ఆడవాళ్లు విసనకర్రలతో ఎక్కేశారు. రెండో పాఠం, పక్క ఊరిదాకా వెళ్లి రావడం. అది కొంచెం గట్టిగా ఊపిరి తీసిందో లేదో ఫలానికో బ్రేకు వేశాడు, వెనకనుంచి పాట ఎత్తుకున్నారు, చర్చి పెద్ద మోకాళ్ల మీద పడ్డాడు. మా మనుషులకి ఎవరైనా కష్టంలో ఉంటే చూస్తూ కూర్చోవడం చేతకాదు. చూస్తూ కూర్చున్నవాణ్ణి మనిషి కింద లెక్కేయరు. వద్దని నేను నాలుగిళ్లు తిరిగి చెప్పాను. "అయ్యో పాపం, అలాగే, అలాగే" అన్నారు. మర్నాడు మళ్లీ విసనకర్రలు.

నర్సు పుస్తకం చూసి, "ఇది పనికిరాదు. బస్సంతా నిన్ను మోస్తోంది" అంది.

అప్పుడు మా తమ్ముడు సియావోసి పూనుకున్నాడు. వాడు ఊరి పెద్దల్లో ఒకడు. సోమవారం సభలో లేచి, "నా కూతురు బస్సులో ఎర్రబడినా నల్లబడినా ఎవరూ ముట్టుకోకూడదు, బస్సు ఆపకూడదు, విసరకూడదు. నీళ్లివ్వకూడదు. ప్రార్థన చేసుకునేవాళ్లు మనసులో చేసుకోవాలి. తప్పినవాళ్లు ఒక పెట్టె చేపల డబ్బాలు కట్టాలి" అన్నాడు.

ఒక పెద్దాయన అడిగాడట: "సాయం చేస్తే జరిమానా అని మన తాతల కాలం నుంచి ఎప్పుడైనా విన్నామా?"

"తాతల కాలంలో మతలేనా లేదు" అన్నాడట మా తమ్ముడు.

తీర్మానం అయింది. సాయంత్రం ఊరంతా చాటింపు వేశారు. మర్నాడే నేను పట్టుబడ్డాను. పక్క ఊరికి వెళ్లే దారిలో దాని చెయ్యి వణకడం చూసి, నాకు తెలియకుండానే వెళ్లి మణికట్టు పట్టుకుని రుద్దుతున్నాను.

"ముసలమ్మకి జరిమానా!" అని ముందు నుంచి ఫలానికో అరిచాడు. అద్దంలో చూస్తున్నాడు వెధవ.

"రోడ్డు చూసి నడపరా!"

"రోడ్డు ఎక్కడికీ పోదు. చేపలు మాత్రం టమాటా పులుసువి తే, ఉత్త నూనెవి కాదు!"

కట్టాను. మహిళా సంఘంవాళ్లు వండుకుని తిని, నాక్కూడా ఒక గిన్నె పంపారు. తిన్నాను.

ఆ తర్వాత ఊరు కట్టుబడింది. మరీ కట్టుబడిపోయింది, అదే వచ్చిన చిక్కు. మతలేనా బస్సెక్కి మధ్య బెంచీలో కూర్చుని రెండూళ్లు, మూడూళ్లు, కొండ మొదలుదాకా వెళ్లి రావడం మొదలెట్టింది. పుస్తకంలో అంకెలు తగ్గుతున్నాయి. ఏడు, అయిదు, రెండు. మేమంతా సంతోషించాం. ఎతెవీసే మాత్రం ఆ రెండుని వేలితో కొట్టింది.

"జనం నిండుగా ఉన్నారా?"

"ఉన్నారమ్మా. వెనక ముగ్గురు మీద ముగ్గురు."

"నీ ఒళ్లో ఎవరు?"

మతలేనా నా ముఖం చూసింది. నేను దాని ముఖం చూశాను. అప్పుడు గుర్తొచ్చింది మాకు. మూడు వారాలుగా దాని ఒళ్లో ఎవరూ కూర్చోలేదు. ముట్టుకుంటే జరిమానా కదా. బస్సు కిక్కిరిసి, ఒక్కో ఒళ్లో ఇద్దరేసి కూర్చున్నా, మతలేనా ఒడి మాత్రం రాణిగారి ఆసనంలా ఖాళీ.

"నీకు మొదట భయం వచ్చింది ఎప్పుడు? ఒళ్లో మనిషి ఉండి, టార్పాలిన్లు దించినప్పుడు. ఇంతకాలం ఒడి ఖాళీ పెట్టుకుని తిరిగావు. నీళ్ల సీసా పోయి ఖాళీ ఒడి వచ్చింది, అంతే" అంది నర్సు. మొదటిసారి ఆవిడ నవ్వడం చూశాను. "శనివారానికి ఎన్నాళ్లుంది?"

"మూడు రోజులు."

నేను తిన్నగా ఫిలెమూ ఇంటికెళ్లాను. అది అరటికాయలు తొక్క తీస్తోంది.

"శనివారం మతలేనా ఒళ్లో కూర్చోవే."

"అమ్మో! నా దగ్గర చేపల డబ్బాలెక్కడివి? నేను కూర్చుంటే అది సాయమా, అపకారమా? ముందు ఆ సంగతి పెద్దల్ని తేల్చమను" అంది.

పెద్దల సభ మళ్లీ సోమవారం. అప్పటికి బల్ల పోతుంది.

శనివారం తెల్లవారుజామున వాన. ఎంత వాన అంటే ఫలానికో ముందే టార్పాలిన్లు దించి తెచ్చాడు. మతలేనా కోకో పెట్టె ఎత్తుకుని ఎక్కి, కావాలనే మధ్య బెంచీలో, లోపలి వైపు కూర్చుంది. నేను వెళ్లకూడదని అనుకున్నాను. వెళ్లాను. వెనక బెంచీలో కూర్చున్నాను. సంచిలో నూనె సీసా కూడా ఉంది, వాసం మీంచి దించి పెట్టుకున్నాను. అపియాలో మోకాళ్లు నొప్పెడితే కావాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

తెల్లబట్టల ఆదివారం రేపనగా బస్సు ఎలా ఉంటుంది! పిల్లలకి బూట్లు, రిబ్బన్లు కొనాలని ఊరూరా జనం. బెంచీలు నిండాయి, ఒళ్లు నిండాయి. ఫిలెమూ కొండకి ముందు చివరి ఊళ్లో, తన చేమదుంపల తోట గేటు దగ్గర బుట్టతో ఎక్కింది. ఖాళీ ఎక్కడా లేదు, ఒక్క చోట తప్ప. అది తలుపు దగ్గరే ఊచ పట్టుకుని నిలబడిపోయింది.

"లోపలికి జరగవే, బస్సు ఒక పక్కకి ఒరుగుతోంది!" అన్నాడు ఫలానికో.

"ఎక్కడికి జరగను?"

అప్పుడు మతలేనా తన తొడల మీద రెండు చేతులతో చప్పుడయ్యేలా తట్టింది. "ఫిలెమూ అక్కా, ఇలా రా. ఇక్కడ కూర్చో."

ఫిలెమూ ఊచ వదల్లేదు.

"జరిమానా పడితే?"

"నేనే కడతాను. రా."

ఫిలెమూ కూర్చుంది. మతలేనా కనబడకుండా పోయింది, మోచెయ్యి ఒక్కటే కనబడుతోంది నాకు. బస్సు కొండెక్కడం మొదలెట్టింది. టార్పాలిన్ మీద వాన రాళ్లు పడ్డట్టు పడుతోంది. మూడో మలుపు దగ్గర ఆ మోచెయ్యి వణకడం మొదలైంది. తర్వాత ఫిలెమూ కూడా వణికింది, కింద మనిషి వణుకుతోంది కదా.

"మతలేనా, నీ గుండె నా వీపుకి తగులుతోందే! లేవనా?"

నేను సంచిలో చెయ్యి పెట్టాను. సీసా మూత చేతికి తగిలింది. నాలుగు బెంచీల దూరం. నేను లేస్తే జనం దారిస్తారు, నలుగురిని తొక్కితే చేరతాను. మెడ కింద ఎక్కడ నొక్కాలో నా వేళ్లకి తెలుసు.

"లేవనా?" అంది ఫిలెమూ మళ్లీ, ఏడుపు గొంతుతో.

"కూర్చో" అంది మతలేనా. గొంతు పీలగా ఉంది. "కదలకు. తొమ్మిది."

"ఏమిటి తొమ్మిది?"

"భయం. తొమ్మిది. చస్తానని అనిపిస్తోంది. అనిపిస్తోంది, అంతే. కూర్చో."

నేను చెయ్యి సంచిలోంచి తీసి, రెండు చేతులూ నా పిర్రల కింద పెట్టుకుని కూర్చున్నాను. చెక్క బెంచీ, గతుకుల రోడ్డు, వేళ్లు నలిగిపోయాయి. ఎవరూ కదల్లేదు. చర్చి పెద్ద పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. విసనకర్ర ఒకావిడ చేతిలో బిగుసుకుపోయి ఉంది. ఫలానికో బస్సు ఆపలేదు, పాట ఆపలేదు. కానీ అద్దంలోనే చూస్తున్నాడని నాకు తెలుసు.

చాలాసేపటికి, "తొమ్మిది" అంది మతలేనా మళ్లీ. కొండ కొస దాటాం. "ఎనిమిది." ఇంకో మలుపు. ఇంకో మలుపు. "ఆరు."

"ఎంత?" అని ముందు నుంచి ఫలానికో అరిచాడు. ఉండబట్టలేకపోయాడు.

"అడగడం సాయం కిందికొస్తుందిరా, కడతావా?" అన్నారెవరో.

"అడగడం సాయం కాదు, ఊరికే తెలుసుకుందామని!"

"అయిదు" అంది మతలేనా. కాస్త ఆగి, "ఫిలెమూ అక్క బరువు మాత్రం పదే. అది తగ్గట్లేదు."

బస్సంతా ఒక్కసారిగా నవ్వింది. ఫిలెమూ అందరికంటే గట్టిగా నవ్వింది. అది నవ్వితే కింద మతలేనా ఎగిరింది. ఎవరూ ఏ సాయమూ చేయలేదు. అపియా కనబడేసరికి మూడు దగ్గరుంది. దిగేటప్పుడు దాని లంగా చెమటకి తడిసి కాళ్లకి అంటుకుపోయి ఉంది. నిలబడింది, బాగానే నిలబడింది. పెట్టె నెత్తిన పెట్టుకుని నా కోసం చూడకుండా బజారులోకి నడిచింది.

మూడో స్తంభం దగ్గర వేరే ఊరావిడ ఒకామె ఆ బల్ల మీద అప్పుడే అరటిగెలలు పేర్చేస్తోంది. బజారు అజమాయిషీ చూసే మనిషి చేతిలో కాగితంతో పక్కనే ఉన్నాడు.

"అక్కా, గెలలు తీస్తావా? ఇది మా అమ్మ బల్ల" అంది మతలేనా.

ఆవిడ నోరు తెరిచింది. "నువ్వు చచ్చిపోయావన్నారే!"

"నేనూ చాలాసార్లు అనుకున్నాను. కాలేదు."

బజారు మనిషి గడియారం చూసుకున్నాడు. కాగితం మీద ఏదో కొట్టేసి, గెలలు దించడానికి తనే ఒక చెయ్యి వేశాడు. మతలేనా కోకో గ్లాసులు వరసగా పేర్చి, చాకు తీసి, ఆ అరిగిన పల్లంలో పెట్టింది. తర్వాత నోటుపుస్తకం తీసి నిలబడే రాసుకుంది. ఒకవైపు ఏం రాసిందో తెలీదు, రెండోవైపు ఒక్క ముక్క రాసింది. నాకు చదవడం రాదు. అడిగితే, "'వచ్చాను' అని రాశాను" అంది.

ఇప్పటికీ దానికి అప్పుడప్పుడు వస్తుంది. ఈస్టరుకి ముందు చర్చిలో వచ్చింది, మధ్య బెంచీలోనే కూర్చుని పాట పూర్తి చేసింది. ఫలానికో బస్సులో రెండుసార్లు వచ్చింది. వచ్చినా బజారు మానదు. బుధవారాలు నర్సు దగ్గరికి వెళ్లడం తగ్గించింది, ఇప్పుడు నెలకోసారి. ఎతెవీసే మడమ నిజంగానే బెణికి నా దగ్గరికి వచ్చింది కూడా. గట్టిగానే రుద్దాను, అరిచింది. జరిమానా తీర్మానం మాత్రం ఇంకా రద్దు కాలేదు. అడిగితే మా తమ్ముడు, "ఉండనీ, మహిళా సంఘానికి చేపలొస్తాయి" అంటాడు.

ఆ శనివారం తిరుగు బస్సులో మతలేనా నా పక్కనే కూర్చుంది. పెట్టె ఖాళీ. ఒళ్లో ఎవరిదో పిల్ల నిద్రపోతోంది. సగం దారిలో అంది:

"అత్తా, సంచిలో సీసా ఉంది కదూ?"

"ఎవరు చెప్పారు?"

"పొద్దున వాసన వచ్చింది. నాలుగు బెంచీల అవతల్నుంచి."

"మూత తీయలేదే! జరిమానా లేదు."

"లేదులే. చేతులేవీ?"

చూపించాను. వేళ్ల మీద బెంచీ చెక్కల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అది వాటిని కాసేపు చూసి, సంచిలోంచి సీసా తీసి, మూత తీసి నా చేతుల్లో నూనె పోసింది.

"మోకాళ్లకి రాసుకో. నాకు వద్దు" అంది.

రాసుకున్నాను.